అండమాన్ వీడియో నీలంగా, బావి వీడియో ఆకుపచ్చగా వచ్చాయి: రంగులు తిరిగి తేవచ్చా?

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా చేసినప్పటి వీడియో అంతా నీలం. దానికి ఎక్కడో చూసిన సెట్టింగులు కొంత పనిచేశాయి. అవే సెట్టింగులు నర్సంపేట దగ్గర మీ ఊరి బావిలో పిల్లల ఈత వీడియోకు పెడితే ముఖాలన్నీ పసుపుపచ్చగా మారాయి. హన్మకొండలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా వృత్తి. కొత్త జంటలు అండమాన్ నుంచి తెచ్చే ఇలాంటి క్లిప్పులు నా దగ్గరికి తరచూ వస్తాయి. బావుల్లో కెమెరా దించడం మాత్రం నా సొంత ఇష్టం.

ముందు సముద్రం సంగతి. నీరు అన్నిటికన్నా ముందు మింగేది ఎరుపును. అయిదు మీటర్లు దిగేసరికే అది చాలావరకు పోతుంది, ఆ తర్వాత నారింజ, పసుపు. అందరూ లోతునే లెక్కపెడతారు గానీ, మనిషి నుంచి కెమెరా దాకా ఉన్న నీరు కూడా అంతే మింగుతుంది. పది మీటర్ల లోతున, రెండు మీటర్ల ఎడంగా తీస్తే వెలుగు కనీసం పన్నెండు మీటర్ల నీటిని దాటి వచ్చినట్టు. అందుకే దగ్గరగా తీసిన షాట్లే బాగుపడతాయి.

క్లిప్పును డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్కోప్స్‌లో పరేడ్ చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి ఎంత ఉందో పక్కపక్కన చూపే గ్రాఫు అది. నీలం, ఆకుపచ్చ నిండుగా ఉంటాయి. ఎరుపు అడుగున సన్నగా అణిగి ఉంటుంది. దాన్ని బలవంతంగా పైకి లాగకండి. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకు చీకటి నుంచి వెలుగు దాకా 256 మెట్లే. ఎరుపు అందులో అడుగున ఇరవై మెట్లు మాత్రమే వాడుకుని ఉంటే, సాగదీసినప్పుడు చర్మం మీద గులాబీ మచ్చలు, ఇసుక చల్లినట్టు చుక్కలు తేలతాయి. దానికి బదులు, ఒక రంగులోకి మరో రంగును కలిపే ఆర్‌జీబీ మిక్సర్‌లో ఎరుపు వరుసకు ఆకుపచ్చను 0.3 నుంచి 0.5 దాకా కలపండి. ముక్కు నీడ, చెంప వంపు లాంటి వివరమంతా ఆకుపచ్చలో చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి, అరువు తెచ్చుకున్న ఎరుపు శుభ్రంగా కనిపిస్తుంది. తర్వాత నీలం కొంచెం తగ్గించి, ఫ్రేములో ఉన్న తెల్లని వస్తువును చూసి సరిచేయండి. శిక్షకుడి చేతిలోని తెల్ల పలక అయితే మేలు, లేకపోతే అడుగున ఉన్న తెల్ల ఇసుక. లోతు మారే షాటు అయితే, దానితో పాటే సెట్టింగూ మారేలా అక్కడక్కడ కీఫ్రేములు పెట్టాల్సిందే.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. పెళ్లికూతురి ఎర్ర గాజులు ఆ లోతున నల్లగా వస్తాయి. ఆకుపచ్చలోనూ అవి నల్లగానే ఉంటాయి కాబట్టి మిక్సర్ వాటిని గుర్తుపట్టదు. మార్పు వాటికే తగిలేలా చుట్టూ మాస్కు అనే హద్దు గీసి, చేయి కదిలినప్పుడు అదీ కదిలేలా ట్రాక్ చేసి, రంగు నేనే వేస్తాను. గాజులు ఎర్రవని ఆ అమ్మాయికి తెలుసు కాబట్టి అందులో అబద్ధం లేదు. చేపకో, పగడానికో ఊహించి రంగు వేయడం మాత్రం నాకు ఇష్టం ఉండదు.

బావి కథ వేరు. నాచులోని పత్రహరితం ఎరుపుతో పాటు నీలాన్ని కూడా మింగేస్తుంది. కుళ్లిన ఆకుల సారం దిగిన నీటిలో నీలం మరింత తగ్గుతుంది. పరేడ్‌లో నిలబడేది ఆకుపచ్చ ఒక్కటే. దాన్ని ఎరుపుకు మాత్రమే అరువిస్తే పసుపు తేలుతుంది, మీకు జరిగింది అదే. రెండు రంగులకూ ఇస్తే బొమ్మ దాదాపు నలుపు తెలుపుల్లోకి వెళుతుంది. ఇలాంటి క్లిప్పులో నేను ఆకుపచ్చ గాఢతను తగ్గించి, కాంట్రాస్ట్ పెంచి, ముఖాలకు కాస్త వెచ్చదనం ఇచ్చి ఆపేస్తాను. అంతకుమించి లాగితే పిల్లల ముఖాలు పాడవుతాయి.

బావిలో అసలు మందు తీసేటప్పుడే వేయాలి. ఎండ నిట్టనిలువుగా లోపలికి పడే మధ్యాహ్నం వేళ, చేతికి అందేంత దగ్గర నుంచి తీయండి. తెల్ల పింగాణీ పళ్లేన్ని తాడుకు కట్టి, తీయబోయే లోతుకు దించి, దాని మీద కెమెరా వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే వచ్చేలా చేసే సెట్టింగు) కుదిర్చి అక్కడే లాక్ చేయండి. ఆటోలో వదిలితే షాటు మధ్యలో రంగు మారిపోతుంది. నీలి నీటికి ఎర్ర ఫిల్టరు, ఆకుపచ్చ నీటికి మెజెంటా ఫిల్టరు అమ్ముతారు. అవి ఎరుపును పుట్టించవు, మిగతా రంగులను కోస్తాయి. చీకటి బావిలో ఉన్న వెలుగు కూడా తగ్గుతుంది కాబట్టి వద్దంటాను. టార్చి ఉంటే మీటరు దూరం నుంచి వేయండి, వెలుగు ప్రయాణించేది మొత్తం రెండే మీటర్లు. లెన్సు పక్కనే పెడితే ఒండ్రు రేణువులన్నీ తెల్ల చుక్కలై మెరుస్తాయి, చేయి చాచి పక్క నుంచి పట్టుకోండి.

నీటి అడుగున తీసిన బొమ్మలకు రంగులు తిరిగి తెచ్చేందుకు 2019లో పరిశోధకులు దెర్యా అక్కయ్‌నాక్, తాలీ త్రైబిట్స్ ప్రకటించిన సీ-త్రూ పద్ధతి ఫలితాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కానీ దానికి ఫ్రేములోని ప్రతి బిందువు ఎంత దూరంలో ఉందో తెలియాలి. మీ క్లిప్పులో ఆ లెక్క లేదు. ఒక్క మీట నొక్కితే రంగులు తెస్తామనే యాప్‌లు చాలావరకు అంచనా మీదే నడుస్తాయి.

పని మొదలుపెట్టే ముందు స్కూబా వాళ్లను అసలు ఫైలు అడగండి. మీకు వాట్సాప్‌లో వచ్చింది అయితే, ఉన్న ఆ కాస్త ఎరుపు కూడా కుదింపులో పోయి ఉంటుంది.