ఉక్కపోతకి ఏ రోల్-ఆన్ మంచిది? బరంపురం పట్టుచీరల కౌంటర్ నుంచి నా జవాబు

మన బరంపురం ఉక్కకి చెమట నిజంగా ఆపేది ఏది, అందులో డబ్బుకి గిట్టేది ఏది అని అడిగారు. నేను ఇక్కడే పట్టుచీరల షాపులో పనిచేస్తాను. రోజంతా చేతులెత్తి చీరలు దించడం, పరవడం, మళ్ళీ మడతపెట్టడం. కరెంటు పోయిందంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఈ విషయంలో నావి కాస్త గట్టి అభిప్రాయాలే.

ముందు సీసా తిప్పి వెనక చదవండి. అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లాంటి పేరు ఉంటేనే అది చెమట తగ్గించే యాంటీపెర్స్పిరెంట్. లేదంటే ఉత్త డియో. అది వాసన సంగతే చూస్తుంది, జాకెట్టు తడవడం ఆగదు. షాపుల్లో రెండూ ఒకే అరలో ఉంటాయి, ఏది అడిగినా చేతికందింది ఇస్తారు. "జీరో అల్యూమినియం" అని పెద్దక్షరాలతో రాసినవి మీ అవసరానికి దండగ.

గిట్టుబాటు మాటకొస్తే నా ఓటు రోల్-ఆన్‌కే. 150 మిల్లీల గ్యాస్ స్ప్రే చూడ్డానికి పెద్దది, లోపల ఎక్కువ భాగం గ్యాసే. ఫ్యాన్ కింద నిలబడి కొట్టుకుంటే అందులోనూ కొంత గాలికే పోతుంది. 50 మిల్లీల రోల్-ఆన్ నాకు దగ్గర దగ్గర రెండు నెలలు వస్తుంది. నివియా, రెక్సోనా, డవ్ అన్నీ వాడాను. ఆ అల్యూమినియం లవణం ఉన్నవాటిలో పనితనం తేడా నాకైతే పెద్దగా తెలియలేదు, ఏది ఆఫర్‌లో ఉంటే అది తెచ్చుకుంటాను.

బ్రాండ్ కన్నా అసలు తేడా వచ్చేది రాసే వేళలో. చాలామంది పొద్దున స్నానం చేసి, ఒళ్ళు సరిగా ఆరకుండానే రాసేసుకుని పరిగెడతారు. రాత్రి పడుకునే ముందు, చంకలు బాగా తుడిచి పొడిగా ఉన్నప్పుడు రాయండి. అప్పుడు చెమట తక్కువ కాబట్టి ఆ లవణం స్వేదరంధ్రంలోకి దిగి, జిగురులా గట్టిపడి మూస్తుంది. పొద్దున స్నానం చేసినా అది పోదు. షేవ్ చేసిన రోజు మాత్రం మానేయండి, మంట పుడుతుంది. మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో రాత్రుళ్ళు జనంలో తిరగాల్సి వస్తే ముందు రోజు రాత్రే రాసుకుంటాను.

డబ్బా మీద 48 గంటలు, 72 గంటలు అని రాస్తే పూర్తిగా పొడిగా ఉంటామని ఆశపడకండి. అమెరికా నిబంధనల్లో సగటున 20 శాతం చెమట తగ్గితే చాలు, యాంటీపెర్స్పిరెంట్ అని పేరు పెట్టుకోవచ్చు. "ఎక్స్‌ట్రా ఎఫెక్టివ్" అనడానికి 30 శాతం.

మీ బాధ చెమట కాదు, వాసనే అయితే ఇంత ఖర్చు కూడా వద్దు. మంగలి షాపులో వాడే పటిక బిళ్ళ తడిపి రుద్దుకోండి. చెమటను పెద్దగా ఆపదు గానీ వాసన పుట్టించే బ్యాక్టీరియాని అణుస్తుంది. ఒక బిళ్ళ నెలల తరబడి అరగదు.

పట్టు జాకెట్లు వేసుకునేవాళ్ళకి ఒక మాట: రోల్-ఆన్ పూర్తిగా ఆరాకే తొడుక్కోండి. చెమటా ఆ లవణమూ కలిసి చేసే పసుపు మరక డ్రైక్లీనింగ్‌కి కూడా ఓ పట్టాన లొంగదు. కుట్టించేటప్పుడే చంకల దగ్గర కాటన్ ప్యాడ్ వేయమనండి.

ఇంత చేసినా కారిపోతుంటే, అరచేతులు కూడా తడిసి ముద్దవుతుంటే, ఇంకో సీసా కొనకుండా చర్మ డాక్టర్‌కి చూపించండి. అల్యూమినియం క్లోరైడ్ ఎక్కువ గాఢతలో ఉన్న మందు రాసిస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మామూలు రోల్-ఆన్ కొనే ముందైనా డాక్టర్‌ని అడగాలి.