పర్చేజ్‌లో చేరుతున్న మా పాపకు

పాపా,

నువ్వు బెంగళూరులో ఉద్యోగంలో చేరుతున్నావని మీ నాయన ఫోన్ చేసినప్పుడు కడప ఏడురోడ్ల దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నా, ఆ సంతోషంలో బస్సు వెళ్లిపోయినా పట్టించుకోలేదు. పర్చేజ్ సెక్షన్ అని తెలిశాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు. ఆఫీసు ఫైళ్లు సొంత జీమెయిల్‌కి పంపుకోవద్దు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది నా సంగతి. 2008 మార్చి 31, ఎర్రగుంట్ల దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తున్నా. మిల్లులో వేసే ఇనుప గుండ్ల లారీ ఇంకా దారిలోనే ఉంది. "ఈ ఏడాది లెక్కలోకి రావాలి, అందినట్టు మెయిల్ కొట్టెయ్" అన్నాడు మేనేజర్, నోటిమాటగా. కొట్టేశా. ఆ మెయిల్ చూసి డబ్బు కట్టేశారు. లారీ నాలుగు రోజులకొచ్చింది, తూకం తక్కువ. భయపడి మెయిల్ డిలీట్ చేశా, అయినా కాపీ అకౌంట్స్ వాళ్ల దగ్గర ఉంటుందన్న బుద్ధి అప్పుడు లేకపోయింది. ముందు కాటా దగ్గరి పిల్లోణ్ని సస్పెండ్ చేశారు. "అన్నా, నీకు తెలుసు కదా" అన్నాడు గేటు దగ్గర. మూడు రోజులు నోరు విప్పలేదు నేను. నాలుగో రోజు ఆడిటర్ ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాడు: సాయంత్రం 6.40, కింద నా పేరు. అప్పుడు చెప్పా. నా ఇంక్రిమెంట్లు పోయాయి, వాడు మళ్లీ డ్యూటీకొచ్చాడు, కానీ నాతో టీ తాగడం మానేశాడు.

మెయిల్ కాగితం కాదులే అనుకోవద్దు. 2000 నాటి ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం నుంచీ దానికి గుర్తింపుంది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం కింద కోర్టులో సాక్ష్యంగా చూపొచ్చు. కోర్టు ముందు పెట్టాల్సిన రికార్డు దొరక్కూడదని చెరిపేస్తే, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. తప్పు మెయిల్ పోయిందా, అదే రోజు "పొరపాటు రాశాను, సరుకు రాలేదు" అని ఇంకోటి పంపు, పాతదాన్ని ముట్టుకోవద్దు.

ఎవరైనా నోటితో చెబితే "సార్, మీరు ఫోన్‌లో చెప్పింది ఇదే కదా" అని రెండు లైన్లు రాసి అడుగు. సగంమంది అక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే ఉద్యోగం వదిలేసి వచ్చెయ్ తల్లీ, మూడు నెలల రూమ్ అద్దె నేను పంపుతా, మీ నాయనకు చెప్పను.

మీ పెదనాయన