65 వేలలో గేమింగ్ ల్యాప్‌టాప్: తర్వాత మార్చలేనివి ముందు చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: బీటెక్ రెండో సంవత్సరం, 65 వేల బడ్జెట్. రోజూ వాలరెంట్, జీటీఏ 5, అప్పుడప్పుడు సైబర్‌పంక్ లాంటి పెద్ద గేమ్స్ ఆడాలి. ఇప్పటికి 8 జీబీ ర్యామ్‌తో సరిపెట్టుకుని తర్వాత పెంచుకోవచ్చా? రెండేళ్లయ్యాక గ్రాఫిక్స్ కార్డు మార్చుకోవచ్చా? కొనడం సికింద్రాబాద్ సీటీసీలోనా (కంప్యూటర్ షాపులన్నీ ఒకేచోట ఉండే సముదాయం), ఆన్‌లైన్‌లోనా?

గ్రాఫిక్స్ కార్డు సంగతి ముందే తేల్చేద్దాం. మార్చుకోలేరు. డెస్క్‌టాప్‌లో అయితే ఒకటి ఊడదీసి ఇంకోటి పెట్టొచ్చు. ఈ ల్యాప్‌టాప్‌లలో విడిగా కార్డంటూ ఉండదు, చిప్పునీ దాని మెమరీనీ మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసేస్తారు. ప్రాసెసర్‌దీ అదే కథ. "రెండేళ్లు వాడండి సార్, తర్వాత కార్డు మార్చి ఇస్తాం" అని ఏ షాపువాడైనా అంటే దండం పెట్టి పక్క షాపుకి వెళ్లిపోండి.

నేను రైజెన్ 5 5600హెచ్ ప్రాసెసర్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నేళ్లుగా వాడుతున్నాను. మా చుట్టాల్లో ఏ పిల్లాడు ఇంజినీరింగ్‌లో చేరినా ఫోన్ నాకే వస్తుంది కాబట్టి వేరే మోడళ్లు విప్పి చూసే అవకాశం కూడా బాగానే దొరికింది. కొనేటప్పుడు నేను చూసేది ఒక్కటే: ఏది తర్వాత మార్చగలం, ఏది మార్చలేం. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, వైఫై కార్డు మార్చుకోవచ్చు. గ్రాఫిక్స్, ప్రాసెసర్, కూలింగ్, బాడీ ఎలా వస్తే అలాగే నాలుగేళ్లు భరించాలి. స్క్రీన్ మార్చే వీలున్నా ఖర్చుకి తగ్గ పని కాదు. డబ్బు ఈ మార్చలేని వాటి మీద పెట్టండి. అమ్మేవాళ్లు మాత్రం స్టిక్కర్ మీద మార్చుకోగలిగిన వాటినే పెద్ద అక్షరాల్లో వేస్తారు, "16 జీబీ, 1 టీబీ" అని.

గ్రాఫిక్స్ దగ్గర పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. ల్యాప్‌టాప్‌లో వచ్చే 3050కి 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఎంత ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసేవాడి ఇష్టం. దానికన్నా పై మోడల్ ఆర్‌టీఎక్స్ 4050కి అయితే 35 నుంచి 115 దాకా. పేరు ఒకటే, స్టిక్కరూ ఒకటే, కానీ ఒకదానికి అందే పవర్ రెండోదానిలో సగం కూడా ఉండకపోవచ్చు. సన్నగా, తేలిగ్గా, చూడముచ్చటగా ఉన్న మోడళ్లలో సాధారణంగా వాట్లు తక్కువ. కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్స్ దగ్గర టీజీపీ (గ్రాఫిక్స్‌కి ఇచ్చే గరిష్ఠ పవర్) అని రాస్తారు, ఎక్కడా రాయలేదంటే అనుమానించాల్సిందే. షాపులో డెమో పీస్ ఆన్ చేసి ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కండి, మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని కనబడుతుంది.

3050లోనే 4 జీబీ, 6 జీబీ అని రెండు రకాలున్నాయి. 4 జీబీ దానిలో 2048 కోర్లు, 2023లో వచ్చిన 6 జీబీ దానిలో 2560. నాది 4 జీబీది. వాలరెంట్‌కీ జీటీఏకీ ఏ లోటూ లేదు. సైబర్‌పంక్‌లో టెక్స్చర్లు (గోడలు, రోడ్ల మీద కనబడే బొమ్మల నాణ్యత) 'హై' పెడితే మాత్రం బండి వేసుకుని వీధి మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం ఆగి, ఎగిరి దూకినట్టు ముందుకొస్తుంది. గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయాక మిగతా డేటా మామూలు ర్యామ్‌లోకి పోయి, అక్కడి నుంచి మళ్లీ మళ్లీ రావాల్సి ఉంటుంది. ఆ దారి చాలా నెమ్మది. టెక్స్చర్లు 'మీడియం'కి దించి, డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) ఆన్ చేస్తే హాయిగా నడుస్తుంది. మీరు కొత్తగా కొంటున్నారు కాబట్టి 4 జీబీ వైపు చూడకండి, కనీసం 6 జీబీ ఉండాలి. ఆర్‌టీఎక్స్ 2050 అన్నది అసలే వద్దు, దాని మెమరీ బస్ (చిప్పుకీ మెమరీకీ మధ్య డేటా దారి వెడల్పు) 64 బిట్లే, 4 జీబీ 3050లో ఉన్నదానికి సగం. చవగ్గా వస్తుందని చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

నేను చూసినంతలో 65 వేలకి 6 జీబీ 3050 అందుబాటులో ఉంటుంది. 4050 కావాలంటే దసరా, దీపావళి సేల్‌తో పాటు బ్యాంకు కార్డు డిస్కౌంటు కూడా కలిసి రావాలి, లేదా ఇంట్లో ఇంకొంచెం అడగాలి. అడిగే ధైర్యం ఒక్కసారికే ఉంటే దీనికోసమే వాడుకోండి. రెండిటిలోనూ మెమరీ 6 జీబీయే అయినా, మంచి వాట్లు ఇచ్చిన 4050 చాలా ముందుంటుంది, డీఎల్‌ఎస్‌ఎస్ ఫ్రేమ్ జెనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు ఏఐతో పుట్టించడం) కూడా వస్తుంది.

ప్రాసెసర్ గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. పేరు చివర హెచ్ లేదా హెచ్‌ఎస్ ఉండాలి, యు వద్దు. ఐ5 12450హెచ్, 13420హెచ్, రైజెన్ 5 7535హెచ్‌ఎస్ ఏదైనా 3050కి సరిపోతుంది. ఒక్క రైజెన్ 5 7235హెచ్‌ఎస్ దగ్గర చూసుకోండి. పేరు 7535కి దగ్గరగా ఉంటుంది కానీ దానిలో ఉన్నవి 4 కోర్లే, 7535లో 6.

స్క్రీన్ 144 హెర్ట్జ్ ఈ ధరలో మామూలే. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్" అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయని అర్థం. వాలరెంట్‌కి పర్లేదు, ఫొటో ఎడిటింగ్‌కి పనికిరాదు. ఇంకోటి, షాపులో మూత ఒక మూల పట్టుకుని తెరిచి చూడండి. హింజ్ దగ్గర ప్లాస్టిక్ కిరకిరమంటే, మొత్తం ప్యానెల్ మెలిక తిరిగినట్టు అనిపిస్తే ఆ మోడల్ వదిలేయండి. చవక గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో నేను ఎక్కువగా చూసిన రిపేరు విరిగిన హింజే.

ఇప్పుడు ర్యామ్. నా ల్యాప్‌టాప్ 8 జీబీ స్టిక్ ఒక్కటే పెట్టుకుని వచ్చింది. జీటీఏలో వేగంగా కారు తోలుతుంటే రోడ్డు గీతలు ఆలస్యంగా కనబడేవి, వెనకాల బ్రౌజర్ తెరిచి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అదే రకం ఇంకో 8 జీబీ పెట్టాక ఆ ఇబ్బంది పోయింది. 16 జీబీ అయినందుకు సగం మేలు, డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి డేటా అందించడం) అయినందుకు ఇంకో సగం. డీడీఆర్4 3200 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకి గరిష్ఠంగా 25.6 జీబీ అందిస్తుంది, రెండు స్లాట్లలో రెండు ఉంటే 51.2. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనబడే ఫ్రేములు) కన్నా మధ్యమధ్యలో పడే కుదుపులు తగ్గడంలో తేడా ఎక్కువ తెలుస్తుంది.

అందుకే చాలాకాలం నేను అందరికీ చెప్పింది "8 జీబీది కొను, మిగిలిన డబ్బుతో స్టిక్ మనమే వేద్దాం" అని. ఇప్పుడు ఆ మాట కళ్లుమూసుకుని చెప్పలేను. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మెమరీ తయారుచేసే కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్లడంతో మన స్టిక్కులకి కొరత వచ్చింది. ఎస్‌ఎస్‌డీలూ అదే దారి పట్టాయి. కాబట్టి కొనే రోజున 8 జీబీ మోడల్‌కీ 16 జీబీ మోడల్‌కీ తేడా ఎంతో చూడండి, అదే రోజు విడి స్టిక్ ధర ఎంతో చూడండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే కంపెనీ వేసిన 16 జీబీ తీసుకోవడమే నయం. ఒకవేళ 8 జీబీతోనే కొనాల్సి వస్తే, రెండో స్లాట్ ఖాళీగా ఉందని ఖాయం చేసుకున్నాకే కొనండి. కొన్నిటిలో కొంత ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర "2లో 1 స్లాట్ వాడకంలో ఉంది" అన్నట్టు చూపిస్తుంది, దాంతోపాటు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ కూడా ఒకసారి చూసుకుంటే మంచిది. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, గాటు వేరేచోట ఉంటుంది.

స్టిక్ మీరే పెట్టుకోవచ్చు. షట్‌డౌన్ చేసి చార్జర్ పీకేయండి. అడుగున స్క్రూలన్నీ ఒకే పొడుగు ఉండవు, అందుకే ఏది ఎక్కడి నుంచి తీశారో కాగితం మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు దగ్గర బొడిపె వస్తుంది. అడుగు మూత పాత ఏటీఎం కార్డుతో అంచు వెంబడి లేపండి, స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించొద్దు. లోపలికి వెళ్లగానే మొదట బ్యాటరీ కనెక్టర్ తీయాలి, ఆ తర్వాత ఏదైనా లోహాన్ని ముట్టుకుని చేతికున్న స్టాటిక్ వదిలించుకోవాలి. స్టిక్‌ని ఏటవాలుగా, బంగారు రంగు అంచు కనబడనంత లోపలికి నెట్టి, అప్పుడు కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమంటాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండొచ్చు, డీడీఆర్5 అయితే మరీను. కొత్త ర్యామ్‌ని అది సరిచూసుకుంటోంది, కంగారుపడి పవర్ బటన్ నొక్కేయకండి.

ఎస్‌ఎస్‌డీ ఇప్పుడే పెంచనక్కర్లేదు. జీటీఏ 5 ఒక్కటే 100 జీబీ దాటుతుంది కాబట్టి 512 జీబీ త్వరగానే నిండుతుంది, నిజమే. రెండో ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉన్న మోడల్ తీసుకుంటే పాతది ఉంచేసి ఇంకోటి పక్కన పెట్టుకోవచ్చు. ఒకటే స్లాట్ ఉండి డిస్కు మార్చాల్సి వస్తే, ముందుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ రాసి పెట్టుకోండి.

మన ఎండల్లో అసలు పరీక్ష వేడి. మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుని ఆడినా ప్రాసెసర్ 95 డిగ్రీలు తాకుతుంది, అప్పుడు అదే వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి ఆడితే అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. వెనక అంచు కింద రెండు అంగుళాల ఎత్తు పెట్టండి, వేల రూపాయల కూలింగ్ ప్యాడ్ అక్కర్లేదు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి తగ్గిస్తే టర్బో (ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకోవడం) ఆగిపోతుంది, వేడి చాలా దిగుతుంది. గ్రాఫిక్స్ మీద భారం ఎక్కువున్న గేమ్స్‌లో ఎఫ్‌పీఎస్ పెద్దగా పోదు, వాలరెంట్‌లో మాత్రం కొంత పోతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ దాచి ఉంటుంది. ఏడాదికోసారి అడుగు మూత తీసి దుమ్ము ఊదించండి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

హాస్టల్లో ఉంటారా? కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌ల చార్జర్‌కి ఏసీకి ఉండేలాంటి పెద్ద 16 ఆంపియర్ల ప్లగ్ వస్తుంది. హాస్టల్ గదిలో చిన్న సాకెట్లే ఉంటాయి. వదులుగా ఊగే చవక కన్వర్టర్ పెట్టకుండా, అదే అడాప్టర్‌కి సరిపోయే చిన్న ప్లగ్ తీగ కొనుక్కోండి. 200 వాట్ల చార్జర్ గోడ నుంచి లాగేది ఒక ఆంపియర్ చుట్టుపక్కలే, 6 ఆంపియర్ల ప్లగ్ బాగా సరిపోతుంది.

ఇక ఎక్కడ కొనాలన్నది. ల్యాప్‌టాప్ ఆన్‌లైన్‌లో సేల్ అప్పుడో, కంపెనీ షోరూమ్‌లోనో తీసుకోండి. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే ఎంచుకోండి, లేకపోతే పెట్టె సీలు కోసేటప్పటి నుంచి ఆపకుండా వీడియో తీయండి. రిటర్న్ గడువులోపే నల్ల తెర, తెల్ల తెర పెట్టి చనిపోయిన పిక్సెల్స్ చూడండి, ఒక గంట ఆపకుండా గేమ్ ఆడండి, ప్రతి యూఎస్‌బీ పోర్టులోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీలకి సీటీసీ బాగుంటుంది. పార్క్ లేన్‌లో మెట్లెక్కి నాలుగు షాపుల్లో ధర అడిగేసరికి అసలు రేటు తెలిసిపోతుంది. కొందరు "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అంటారు. 18 శాతం జీఎస్టీ మిగిలిందని సంబరపడితే, రెండేళ్లకి స్టిక్ చెడిపోయినప్పుడు వారంటీకి చూపించడానికి ఏమీ ఉండదు. బిల్లు మీద సీరియల్ నంబరు కూడా రాయించుకోండి, స్టిక్ మీద ఉన్న స్టిక్కర్ ఎట్టి పరిస్థితుల్లోనూ పీకకండి. ల్యాప్‌టాప్ అడుగు మూత తెరిస్తే వారంటీ పోతుందా అన్నది కంపెనీ కస్టమర్ కేర్‌ని ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబు దాచుకోండి. రేపు సర్వీస్ సెంటర్‌లో వాదించాల్సి వస్తే అదొక్కటే పనికొస్తుంది.