డస్టర్‌లో లాండ్‌మన్నలౌగర్ వెళ్లొచ్చు, ఏరు దాటక్కర్లేదు

జులైలో మీరిద్దరూ ఐస్‌లాండ్ వెళ్తున్నారు, అద్దెకి డస్టర్ తీసుకున్నారు, అక్కడి కొండల్లో ఉన్న లాండ్‌మన్నలౌగర్ దారిలో ఏరు దాటాలంటే భయంగా ఉంది అన్నారు కదా, ఆ భయం సరైందేనండి, అక్కడ మామూలుగా రెంటల్ ఇన్సూరెన్సుల్లో ఇంజన్లోకి నీళ్లు పోతే పైసా రాదు. కానీ మీరు నీళ్లలో దిగే పనే లేదు. ఎఫ్225 (ఎఫ్ అంటే అక్కడి కొండల్లో మట్టిరోడ్లు) వద్దు, దాంట్లో వాగులున్నాయి. ఉత్తరం వైపు నుంచి ఎఫ్208 పట్టుకోండి, గతుకులే గతుకులు, మా ఆయన నడుపుతుంటే ఫ్లాస్కులో టీ సగం నా ఒళ్లోనే పోసుకున్నా, అంతేగానీ ఏరు గొడవ లేదు. క్యాంప్‌సైట్ ముందు మాత్రం నీళ్లుంటాయి, ఇవతలే బండి ఆపేసి కాలి వంతెన మీద నడిచెళ్లిపోండి, చిన్న బళ్లవాళ్లు చేసేది అదే.

ఎఫ్ రోడ్లు ఆ ఏడు మంచుని బట్టి మామూలుగా జూన్ చివర్లో తెరుస్తారు, బయల్దేరే రోజు అక్కడి రోడ్ల పరిస్థితి చెప్పే ఉమ్‌ఫెర్దిన్ (umferdin.is) సైట్‌లో చూస్కోండి. రోడ్డు దిగి నాచు మీదకి బండి పోనివ్వకండి, అది నేరం, ఫైన్ గట్టిగా పడుద్ది.

ఇంకోటి, డోర్ తీసేటప్పుడు రెండు చేతుల్తో పట్టుకోండి, ఆ గాలికి తలుపు వెనక్కి విరిగిపోద్ది, చాలా పాలసీల్లో అదీ కవర్ కాదు, మాకు డబ్బులు కట్టాకే తెలిసింది.