మూత్రం రంగు మామూలుగానే ఉంది, రిపోర్టులో రక్తకణాలు అని రాశారు. కారణం ఏమై ఉండవచ్చు?

మైక్రోస్కోపు కింద ఒక్కో ఫీల్డులో (ఒకసారికి కనిపించే ప్రాంతంలో) 3 లేదా అంతకు మించి ఎర్ర రక్తకణాలు కనిపిస్తేనే దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. మూత్రంలో ముంచితే రంగు మారే పట్టీ పరీక్ష ఒక్కటే చూసి కంగారు పడకండి. కండరాలు దెబ్బతిన్నప్పుడు వెలువడే మయోగ్లోబిన్‌కు కూడా ఆ పట్టీ రంగు మారుతుంది. నెలసరి రోజుల్లో ఇచ్చిన నమూనాను నమ్మలేం. కఠినమైన వ్యాయామం తర్వాత నిజంగానే కొద్దిగా రక్తం పడవచ్చు, అది రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

తరచుగా కనిపించే కారణాలు మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీలో రాళ్లు, పెద్ద వయసు మగవారిలో ప్రోస్టేట్ పెరగడం. ఇన్ఫెక్షన్ అయితే మందులు వాడాక మళ్లీ పరీక్ష చేయించాలి. చాలామంది వదిలేసేది ఇదే.

రక్తంతో పాటు ప్రోటీన్ కూడా పోతూ, బీపీ పెరిగి ఉంటే అనుమానం కిడ్నీలోని వడపోత భాగాల మీదికి మళ్లుతుంది. ఐజీఏ నెఫ్రోపతీ అలాంటి జబ్బే. అప్పుడు నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టరును) కలవాలి.

పొగ తాగేవారు, 40 దాటినవారు మాత్రం నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. మూత్రాశయ క్యాన్సర్ తరచుగా నొప్పి లేకుండానే మొదలవుతుంది. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా సరే, నెపం వాటి మీద వేసి స్కానింగ్, సిస్టోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) మానుకోవద్దు.