క్షమాపణా? క్షమార్పణా?

సందేహం: మా అన్నయ్య ఉమ్మడి చింతతోపు నాకు చెప్పకుండా అమ్మేశాడు. మూడేళ్లు మాటల్లేవు. మొన్న వాట్సాప్‌లో "చెల్లీ, నా క్షమార్పణలు స్వీకరించు" అని పెట్టాడు. మావారు చూసి, "తప్పు చేసింది ఆయన. నిన్ను క్షమిస్తున్నట్టు రాశాడేమిటి?" అని నవ్వారు. క్షమార్పణ అనకూడదా? ఇంకొకటి. నేను అన్నయ్యను నిజంగానే క్షమించాను. కానీ తోపు డబ్బులో నా వాటా నాకు ఇమ్మన్నాను. వాటా అడిగితే ఇక క్షమించినట్టు ఎలా అవుతుందని మా వదిన అంటోంది. క్షమించడమంటే వదిలేసుకోవడమేనా? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీవారి నవ్వులో వ్యాకరణం ఉంది. క్షమా, అర్పణ కలిస్తే సవర్ణదీర్ఘసంధి వచ్చి క్షమార్పణ అవుతుంది. సంధికేం ఢోకా లేదు, అర్థమే అడ్డం తిరిగింది. అర్పణ అంటే ఇవ్వడం. క్షమను ఇవ్వాల్సింది మీరు. మీ అన్నయ్య రాయాల్సింది క్షమాపణ. ఇది సంస్కృతంలో ప్రేరణార్థం నుంచి వచ్చిన మాట. మనకు చేయు, చేయించు ఉన్నట్టే అక్కడ క్షమించడం, క్షమింపజేయడం. ఎదుటివాళ్లు క్షమించేలా చేసుకోవడం, అంటే బతిమాలుకోవడం. శివాపరాధ క్షమాపణ స్తోత్రం అన్న పేరులో ఉన్నది ఈ అర్థమే. గీత పదకొండో అధ్యాయంలో అర్జునుడు కృష్ణుడితో "తత్ క్షామయే త్వామ్" అంటాడు. ఆటల్లో, భోజనాల దగ్గర నిన్ను వేళాకోళం చేశాను, అదంతా నీ చేత క్షమింపజేసుకుంటున్నాను అని. అదీ ప్రేరణార్థకమే.

మరి క్షమార్పణ ఎలా పుట్టినట్టు? కృష్ణార్పణం, సమర్పణ లాంటివి విని విని చెవి అటు జారిందని నా ఊహ. సభల్లో మైకు పట్టుకున్నవాళ్లు "ఆలస్యానికి క్షమార్పణలు తెలియజేసుకుంటూ" అనడం రోజూ వినేదే. నేనైతే రాయను. రాసినవాళ్లతో పోట్లాటకూ దిగను. ఎందుకంటే క్షమాపణ కూడా ఒక వైపే నిలబడలేదు. తెలుగు బైబిలులో "పాపక్షమాపణ" అంటే పాపాలను క్షమించడం. అడిగేవాడి మాట ఇచ్చేవాడి చేతికి వెళ్లిపోయింది. "క్షమాపణ కోరడమంటే అడగడాన్ని అడగడం" అని పట్టుబట్టే పండితులున్నారు గానీ, ఇంతగా వాడుకలో నిలిచిన మాటను ఇప్పుడు వెనక్కి లాగలేం. క్షమాపణ చెప్పినా, కోరినా, వేడినా చెల్లుతుంది.

అసలు ప్రశ్న మీ వదినగారిది. దానికి నిఘంటువు ఒక్కటే చాలదు.

క్షమ అంటే మొదటి అర్థం ఓర్పు. భూమికి క్షమ అని పేరు. మనం తవ్వినా, దున్నినా ఓర్చుకుంటుందని. గుంత పడలేదని ఆ మాటకు అర్థం కాదు. అర్జునుడే ఆ వేడుకోలు చివర "సోఢుమ్" అంటాడు, సహించమని. తండ్రి కొడుకును, స్నేహితుడు స్నేహితుణ్ణి, ప్రియుడు ప్రియురాలిని సహించినట్టు. అంటే ఆ సహనం ప్రేమ ఉన్నచోటే దొరుకుతుందని ఆయన లెక్క. మన్నించడం వేరే దారిలో వచ్చింది. మన్నన అంటే గౌరవం, ఆదరణ. కన్నడంలోనూ మన్నిసు అంటే గౌరవించడం, క్షమించడం రెండూ. "నా మనవి మన్నించి రెండు రోజులు సెలవు ఇప్పించగలరు" అని బడిలో రాసేవాళ్లం. ఆ చీటీలో తప్పన్నదే లేదు. మీ వదిన అనుకుంటున్న అర్థానికి దగ్గరగా ఉన్నది ఉర్దూ దారిన వచ్చిన మాఫీ. రుణమాఫీ అయితే బాకీ కొట్టేసినట్టే. తెలుగు బైబిలు ప్రార్థనలోనూ "మా ఋణములు క్షమించుము" అని ఉంది. కాబట్టి ఆవిడ వాదన గాల్లోంచి రాలేదు. కాకపోతే బాకీ కొట్టేయడం అప్పిచ్చినవాళ్లు చేసే పని. బాకీ పడ్డ ఇంటివాళ్లు, మీరు క్షమించారు కాబట్టి కొట్టేయండి అనడం కుదరదు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది మన పల్లె మాట, తప్పు కాయడం. "నా తప్పు కాయి సామీ" అనేవాళ్లు. కాయడమంటే చేను కాసినట్టు, గొడ్లను కాసినట్టు. చిన్నప్పుడు మా తాతగారి అరుగు మీద ఒక పంచాయతీ చూశాను. ఒకాయన బర్రె రాత్రిపూట పక్కవాళ్ల జొన్నచేలో పడింది. పెద్దమనిషి అడిగాడు, "తప్పు ఒప్పుకున్నావా?" "ఒప్పుకున్నా." "అయితే తప్పు కట్టు." రెండోసారి అన్న తప్పుకు అర్థం జరిమానా. బర్రె ఆసామి తలగుడ్డ విప్పి, ముడేసిన నోట్లు తీసి అరుగు మీద పెట్టాడు. చేను పోగొట్టుకున్నాయన వాటిని లెక్కపెట్టుకుని జేబులో వేసుకుని, "పోనీలే బావా, నోరులేని గొడ్డు" అన్నాడు. తప్పు ఒప్పుకోవడం, కట్టడం ఒకరి వంతు. కాయడం ఇంకొకరి వంతు. డబ్బు తీసుకున్నందుకు ఆయన తప్పు కాయలేదని అక్కడ ఎవరికీ అనిపించలేదు.

ఇంకా పెద్ద సాక్ష్యం కావాలంటే భాగవతం ప్రథమ స్కంధం. నిద్రపోతున్న ఐదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేశాడు. పోతన రాసిన ద్రౌపది మొదట అతని నేరాన్ని అతనికే వివరంగా వినిపిస్తుంది. వాళ్లు ఆయుధాలు పట్టి యుద్ధానికి రాలేదు, నీకు కొంచెం కూడా ద్రోహం చేయలేదు, చీకట్లో నిద్రపోయే చిన్నపాపలను చంపడానికి "నకటా నీ చేతు లెట్లాడెనో" అంటుంది. అంత చెప్పాకే, ఇతన్ని ఇలా ఈడ్చుకొచ్చారని తెలిసి వీడి తల్లి ఎక్కడ ఎలా ఏడుస్తోందో అంటుంది, వదిలేయమంటుంది. కొడుకుల మీది ప్రేమే ఇంకో తల్లి కడుపుకోతను చూపించింది. సంస్కృత మూలంలో ధర్మరాజు మెచ్చుకున్న ఆ మాటలకు వేసిన విశేషణాలు చూడండి: "ధర్మ్యం న్యాయ్యం సకరుణం". న్యాయం, కరుణ పక్కపక్కనే కూర్చున్నాయి. భీముడు మాత్రం చంపాల్సిందే అన్నాడు. చివరికి అర్జునుడు ఏం చేశాడు? ప్రాణం తీయలేదు. జుట్టు కోసి, తలమీది మణి తీసుకుని, శిబిరం నుంచి గెంటేశాడు. ద్రౌపది క్షమించినా మణి మాత్రం అతని దగ్గర మిగల్లేదు.

మీ వాటా ఆ మణి అంత ఖరీదు చేయకపోవచ్చు. వరస మాత్రం అదే.

వదినగారు ఇంకొకటి కూడా అనే ఉంటారు, "అన్నాచెల్లెళ్ల మధ్య లెక్కలేమిటి" అని. సుమతీ శతకంలో "కూరిమి గల దినములలో నేరము లెన్నడును గలుగ నేరవు" అని ఉంది కదా. చిన్నప్పటి నుంచి అప్పజెప్పిన పద్యమే అయినా రెండో సగంలో క్రియ మారడం చాలామంది గమనించరు. కూరిమి ఉన్నప్పుడు నేరాలు "కలుగనేరవు" అన్నాడు. విరసమయ్యాక మాత్రం "తోచుచుండు" అన్నాడు, కలుగుతాయనలేదు. నేరం అక్కడే ఉంది, చూసే కన్ను మారింది. కూరిమి రోజుల్లో మీ అన్నయ్య చెప్పకుండా బస్తా చింతపండు అమ్ముకున్నా మీరు పట్టించుకుని ఉండరు. అది ప్రేమ, దానికి క్షమ అవసరం పడదు. ఇప్పుడు మీరు చేసింది వేరు. తప్పును చూశారు, చూసి ఓర్చుకున్నారు. ఆస్తి దగ్గర కూరిమి ఎలా విరసమవుతుందో మన పూర్వులకు బాగా తెలుసు. ఆస్తి పంచుకునే జ్ఞాతిని దాయ అన్నారు, శత్రువునూ దాయ అనే అన్నారు.

వాటా అడిగి తగవు పెట్టుకుంటున్నారని కూడా ఆవిడ అనవచ్చు. ఒప్పుకోండి. తగవు అన్న మాట తగు నుంచి వచ్చింది. పాత తెలుగులో తగవు అంటే న్యాయం, తగవరి అంటే న్యాయం తెలిసినవాడు. తగవు తీర్చే చోటల్లా కేకలు వినబడి వినబడి ఆ మాట పోట్లాటకు అంటుకుపోయి ఉంటుంది.

మీ అన్నయ్యకు జవాబు రాయాలనుకుంటే "మన్నించాను అన్నయ్యా, నా వాటా ఎప్పుడు పంపుతావో చెప్పు" అని ఒకే వాక్యంలో రాయవచ్చు. మధ్యలో "కానీ" పెట్టకండి, అక్కడ దానికి పని లేదు. ఇక మీ సంతకం లేకుండా ఆ తోపు రిజిస్ట్రేషన్ ఎలా జరిగిందన్నది నా శాఖ కాదు. దానికి వకీలును అడగండి.