హెపటైటిస్ బి: వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క) కనపడట్లేదని రిపోర్ట్ వస్తే టాబ్లెట్లు ఆపేయొచ్చా?

లేదు, డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు, ఎందుకంటే ఈ మందులు వైరస్‌ని అణిచి ఉంచుతాయి తప్ప పూర్తిగా తీసేయవు.

టెనోఫోవిర్, ఎంటెకావిర్ రెండూ రోజుకొకటి వేసుకునే మాత్రలే, వైరస్ తన కాపీలు తయారు చేసుకోడానికి వాడే ఎంజైమ్‌ని ఇవి అడ్డుకుంటాయి, దాంతో రక్తంలో వైరస్ పడిపోతుంది, లివర్ వాపు తగ్గుతుంది, సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం), లివర్ క్యాన్సర్ రిస్క్ కూడా బాగా తగ్గుతుంది. కానీ లివర్ కణం న్యూక్లియస్ లోపల సీసీసీడీఎన్ఏ అని వైరస్ మూలప్రతి ఒకటి దాక్కుని ఉంటుంది, దాన్ని ఈ మందులు తీసేయలేవు.

ఉదాహరణకి ఒకళ్ళు రెండేళ్ళు టెనోఫోవిర్ వాడి లోడ్ కనపడట్లేదని సొంతంగా మానేశారనుకోండి, చాలామందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో వైరస్ మళ్ళీ లేస్తుంది, ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) ఒక్కసారిగా పెరిగిపోవచ్చు, అప్పటికే సిర్రోసిస్ ఉంటే మాత్రం ప్రాణం మీదకే రావచ్చు, దయచేసి ఆ రిస్క్ తీసుకోకండి.

పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ అని ఇంకోటి ఉంది, వారానికోసారి చొప్పున 48 వారాలు, దానికి గడువు ఉంటుంది గానీ సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కువ, పనిచేసేది కొద్దిమందికే.

ఎక్కువమంది పొరపడేది ఎక్కడంటే డీఎన్ఏ టెస్టులో (వైరల్ లోడ్ చూసేది ఇదే) వైరస్ కనపడకపోతే జబ్బు నయమైపోయిందని అనుకోవడం. సాధారణంగా హెచ్‌బీఎస్ఏజీ (రక్తంలో కనపడే వైరస్ పైపొర ప్రోటీన్) కూడా నెగెటివ్ అయి అలాగే నిలబడితేనే ఆపే మాట ఆలోచిస్తారు, అది మాత్రలతో అరుదు. సుమారు 12 వారాల మందులతో తగ్గిపోయేది హెపటైటిస్ సి, ఇది కాదు.